పీట ఎక్కని పానా

పాత మోటారు సైకిలు బాగుచేయడం ఇప్పుడు చాలామందికి ముచ్చటైన వ్యాపకం. ఫోన్‌లో వేలు ఆనిస్తే చాలు, ఏ కాలం బండికైనా దాని పేరు రాసిన అట్టపెట్టెలో పనిముట్టు ఇంటికొచ్చేస్తుంది. నేను పని నేర్చుకున్న రోజులు మరీ అంత వెనకటివి కావు. చేతిలో ఫోను ఉండేది. కాకపోతే అది మోగడం, మనం మాట్లాడటం తప్ప దానికి ఇంకో విద్య తెలియదు. తయారుచేసిన కంపెనీలే మూతపడ్డ బండ్లకు పనిముట్లు అమ్మేవాడెవడు? ఎవరికి వారే చేసుకోవాలి. ఆటో కమాను పట్టీ నుంచి ఒకటి, గొడుగు కమ్మి నుంచి ఒకటి, విరిగిన కిక్ రాడ్డు నుంచి ఇంకొకటి. ఛత్తీస్‌గఢ్‌లోని మా బిలాస్‌పూర్‌లో మెకానిక్కును మిస్త్రీ అంటారు. మంచి మిస్త్రీ అంటే బజారులో దొరకని సామాను డబ్బా నిండా ఉన్నవాడనే అర్థం. అలాంటి కాలంలో నేనూ ఒక పనిముట్టు చేశాను. దానికి జరిగిన అవమానం ఇన్నేళ్ళయినా ఎవరూ సరిచేయలేదు కాబట్టి మీ ముందు పెడుతున్నాను. న్యాయం మీరే చెప్పండి.

కొట్టు మా మామది. అంటే అమ్మ తమ్ముడిది. రైల్వే కాలనీ గోడకు ఆవలి వైపు, రేకుల షెడ్డు. అమ్మ తండ్రి, మా తాత, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ లోకోషెడ్డులో ఫిట్టరుగా చేరి, రిటైరయ్యాక పాత బండ్లు బాగుచేస్తూ ఆ కొట్టు పెట్టాడు. ఆయన పోయాక కొట్టూ, ఆయన స్వయంగా చేసుకున్న పనిముట్లూ, ఆయన మొండితనమూ మామకు వచ్చాయి. (మొండితనంలో కొంత వాటా అమ్మ ద్వారా నాకూ వచ్చిందని బంధువులంటారు. అది నిజం కాదు. నాది జ్ఞాపకశక్తి.) ఆ పనిముట్లలో రాజు ఒక కొక్కెం పానా. రెండు సైలెన్సర్ల పాత బండ్లలో, పొగగొట్టం ఇంజిన్‌కు కలిసే చోట గాళ్ళున్న గుండ్రటి నట్టు ఒకటి ఉంటుంది. మామూలు పానాలేవీ దానికి పట్టవు. తాత చేసిన కొక్కెం పానా పట్టేది. దాన్ని మామ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. రోజూ పని అయ్యాక తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు.

నేను ఐటీఐ పాసై సర్టిఫికెట్టుతో వెళ్తే మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగున్నాది, జాగర్తగా దాసుకో," అని నా చేతికి ఒక బ్రష్షూ, కిరసనాయిలు బేసినూ ఇచ్చాడు. అప్పట్నించి నా పని ఇతరులు విప్పిన సామాను కడగడం. ఇంజిన్ దగ్గరకు చెయ్యి పోతే, "ఆగరా బావూ, ఇంకా టైమున్నాది," అనేవాడు. కొట్టులో ఇంకొక పెద్ద మిస్త్రీ ఉండేవాడు, ఛత్తీస్‌గఢ్ మనిషి. ఎప్పుడూ చెవి వెనక చిన్న పానా పెట్టుకుని తిరుగుతాడని అందరూ పానా భయ్యా అనేవారు. ఆయన ఇంకొక అడుగు ముందుకేసి, "పహలే ధోనా సీఖో, ముందు కడగడం నేర్చుకో" అని ప్రతి సోమవారం కొత్తగా చెప్పినట్టు చెప్పేవాడు. కొట్టుకొచ్చిన వాళ్ళు మామను మిస్త్రీ అనేవారు, పానా భయ్యాను మిస్త్రీ అనేవారు, నన్ను "ఏ లడ్కే", ఒరే కుర్రాడా అనేవారు. అప్పటికే నాకు మీసాలున్నాయి.

మామ ఊళ్ళో లేని రోజు ఆ గుండ్రటి నట్టు వదులైన బండి వస్తే పానా భయ్యా ఉలీ సుత్తీ తీసుకుని దాని గాళ్ళలో ఠంగుఠంగున కొట్టి బిగించేవాడు. కొట్టినప్పుడల్లా గాడి అంచు కాస్త చిట్లేది. ఎక్కువ దెబ్బలు తిన్నది మా పంతులుగారి బండి. మా ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు పెళ్ళి అయినా, తద్దినమైనా ఆయనే. కిక్ కొట్టే రాడ్డుతోనే గేర్లు కూడా వేసే ఆ పాత బండి మీద, అంగవస్త్రం ఎగురుతుండగా ఊరంతా తిరిగేవారు. ఆ నట్టు గాళ్ళు ఎంత అరిగిపోయాయంటే తాత పానా కూడా జారడం మొదలుపెట్టింది. (ఈ మాట మామ ఇప్పటికీ ఒప్పుకోడు.) ఆ నట్టును కడిగీ కడిగీ దాని కష్టం నాకు తెలుసు గనక, నేనొక పానా చేశాను. ఊరి అంచున ఫ్యాక్టరీలుండే సిర్గిట్టిలో, పాత ఇనుము కొట్టులో దొరికిన కమాను పట్టీని ఎర్రగా కాల్చి, గొట్టం చుట్టూ వంచి, చివర పన్ను ఒకటి ఆకురాయితో అరగదీసి, విరిగిన కిక్ రాడ్డు పిడిగా వెల్డింగు చేయించాను. అయినా జారింది. లోపలి వంపులో మెత్తటి రబ్బరు ఏదైనా అతికిస్తే నట్టును చుట్టూ కరుచుకుంటుందని తోచింది. పెరట్లో పట్టీ తెగిపోయిన నీలం హవాయి చెప్పు ఒకటి పడి ఉంది. దాని నుంచి ఒక ముక్క కోసి అతికించాను. పట్టు అద్భుతంగా కుదిరింది.

ఇక్కడ మా కొట్టు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఇంట్లో మేము దసరాకు ఆయుధ పూజ చేసినా, కొట్టులో మాత్రం ఊరందరిలాగే విశ్వకర్మ పూజ. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, పీట మీద పరిచి, పంతులుగారు ఒక్కొక్కదానికీ బొట్టు పెడతారు. పెట్టాక మర్నాడు పొద్దున దాకా వాటిని ముట్టుకోకూడదు. ఎవరైనా తన చేత్తో చేసిన పనిముట్టు మొదటిసారి ఆ పీట ఎక్కి బొట్టు పెట్టించుకుందంటే, ఆ రోజు నుంచి వాడు మిస్త్రీ. మర్నాడే ఇంజిన్ విప్పొచ్చు. పానా భయ్యా అలాగే అయ్యాడు. మామ కూడా తాత ముందు అలాగే అయ్యాడు. కాబట్టి ఆ ఏడు పూజకు నేను తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా పానాను చింతపండుతో తోమి, ఎవరూ చూడనప్పుడు పీట మీద తాత కొక్కెం పానా పక్కన పెట్టాను. పక్కపక్కన అన్నదమ్ముల్లా ఉన్నాయి. నాదే కాస్త మెరుస్తోంది.

పంతులుగారు మంత్రం చదువుతూ, బొట్లు పెడుతూ వచ్చి నా పానా దగ్గర ఆగారు. కుంకుమ వేలు గాలిలోనే ఉంది.

"ఇదేమిటి నాయనా, ఈ నీలం రంగు?"

"గ్రిప్పండీ," అన్నాను వినయంగా.

మా అత్త, అంటే మామ భార్య, ప్రసాదం పళ్ళెంతో వెనక నుంచి తొంగి చూసింది. "అచ్ఛా! అది నా సెప్పు కాదేటి? ఒకటే మిగిలిపోనాదని ఎన్నాళ్ళు ఎతికినానో!"

కొట్టంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో వరసగా చెప్పగలను గాని ఇద్దరు ఇప్పుడు లేరు, వదిలేస్తాను. మామ మాత్రం నవ్వలేదు. నా పానాను చచ్చిన ఎలకను ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి, గుమ్మం దాటించి, అందరూ విడిచిన చెప్పుల వరసలో చివర పెట్టాడు.

"మామా, అది సామాను!" అన్నాను.

"సామానేటిరా? పీట మీద సెప్పు ఎట్టి పూజ సేయించుతావా? అది కబాడీ, ఉత్త సెత్త. దాని జాగా అదే."

తాత చేస్తే ఆయుధం, నేను చేస్తే కబాడీ. తాత కూడా కమాను పట్టీతోనే చేశాడు. నేను ప్రసాదం పుచ్చుకోకుండా బయటికి వచ్చి, చెప్పుల పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను. బూందీ. నాకు ఇష్టమైనది. అదీ వద్దన్నాను. ఎవరూ రెండోసారి అడగలేదన్నది కూడా గమనించాను.

పూజ ముగిసింది. "రేపు పొద్దున దాకా పీట మీద సామాను ఎవరూ కదపకూడదు సుమా," అని గట్టిగా చెప్పి పంతులుగారు బండి ఎక్కి కిక్ కొట్టారు. బండి మేలుకుంది. వీధి మలుపు దాకా వెళ్ళిందో లేదో యుద్ధం మొదలైనంత చప్పుడయింది. తర్వాత ఏదో నేల మీద గీసుకుంటున్న శబ్దం. చూస్తే ఆ నట్టు పూర్తిగా ఊడి, పొగగొట్టం వేలాడుతూ, పంతులుగారు బండి తోసుకుంటూ తిరిగి వస్తున్నారు. అంగవస్త్రం మసి. ఆయన ఫోను మోగింది. అవతలి వాళ్ళ గొంతు మా అందరికీ వినిపించింది: "పండిత్‌జీ, కహా హై ఆప్?" ఎక్కడున్నారని అడుగుతున్నది సిర్గిట్టిలో ఒక చిన్న ఫ్యాక్టరీ వాళ్ళు, ఆయన తర్వాతి పూజ అక్కడే. అక్కడ మనుషులు పూజ అయ్యేదాకా ఉపవాసంతో కూర్చున్నారట. మీరే బండి పంపండి అని పంతులుగారు అంటే, బండ్లన్నింటికీ దండలు వేశాము, డ్రైవర్లు సెలవు అన్నారు. ఆటో స్టాండుకు మనిషిని పంపితే అక్కడా అదే. ఆటోలన్నీ అరటి పిలకలు కట్టుకుని పెళ్ళికొడుకుల్లా నిలబడ్డాయి, తీసేవాడు లేడు.

పంతులుగారు పీట వైపు చూశారు. మధ్యలో తాత కొక్కెం పానా, నిలువెల్లా బొట్లతో. "క్షమాపణ మంత్రం ఒకటి ఉంది..." అని నెమ్మదిగా మొదలుపెట్టారు.

"ఒద్దు పంతులుగారూ," అన్నాడు మామ. "ఒకేడు ఎవరూ సూడనేదు గదాని నేను సుత్తి తీసినాను. తిన్నగా కాలిబొటనేలు మీద పడ్డాది. గోరు ఊడొచ్చీసినాది. మా నాన్న సామాను ఆ రోజు కదిపితే ఊరుకోడు."

"మనం ఆంధ్రావాళ్ళం కదయ్యా, మన ఆయుధ పూజ దసరాకి. ఆ లెక్కన ఇవాళ మనకు పట్టింపు లేదు."

"మనం ఆంధ్రావోళ్ళమే. కొట్టు బిలాస్‌పూర్‌లో ఉన్నాది."

పానా భయ్యాకు ఒక ఉపాయం తోచింది. రాయి పనిముట్టు కాదు గనక దానికి ఏ నిషేధమూ లేదు. రోడ్డు పక్క నుంచి ఒకటి తెచ్చి నట్టును మరల మీద నిలబెట్టి కొట్టాడు. మిగిలిన గాళ్ళలో ఇంకొకటి ఎగిరిపోయింది. పంతులుగారు 'రామ రామ' అన్నారు. ఫోను మళ్ళీ మోగింది. అప్పుడు నలుగురి కళ్ళూ మెల్లగా గుమ్మం వైపు, చెప్పుల వరస చివరికి, అక్కడి నుంచి నా వైపు తిరిగాయి. అంతవరకూ నేనక్కడ ఉన్నానని ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

నేను నా పానాను ఒళ్ళో పెట్టుకున్నాను.

"తే," అన్నాడు మామ.

"ఏటి?"

"అదే. ఆ... అది."

"అదేటో పేరు సెప్పు మామా."

"ఆటలాడకు. దానికి బొట్టెట్టనేదు, పీటెక్కనేదు. ఇయ్యాల వాడొచ్చు. తే."

"ముందు పీట మీదెట్టి బొట్టెట్టించు. తరవాత బిగిస్తాను."

పంతులుగారు కంగారుపడ్డారు. "బొట్టు పెడితే ఇంక ముట్టుకోకూడదు కదా నాయనా!"

ఆ చిక్కు నాకు అప్పటిదాకా తోచలేదు. తోచలేదని బయటపడతామా? "పోనీ, సామానేనని నోటితో ఒప్పుకోమనండి, చాలు," అన్నాను.

మామ తాత పోలికలున్న మొహంతో నిదానంగా చెప్పాడు: "సామానని ఒప్పుకుంటే పూజ రోజు వాడకూడదు. కాదంటేనే వాడాల. నువ్వే సెప్పు, ఏటంటావు?"

"భేషైన తర్కం," అన్నారు పంతులుగారు, అంత కష్టంలోనూ తల ఊపుతూ.

చూశారా? పనిముట్టని అంటే పనికిరాదు, పనికిరావాలంటే పనిముట్టు కాదు. నేను జీవితంలో చాలా చోట్ల చాలామందితో వాదించాను, టికెట్ కిటికీల దగ్గర, బ్యాంకుల్లో, వరసలో నా ముందుకు దూరినవాళ్ళతో. ఇంత చక్కగా నన్ను ఎవరూ మూలకు తోయలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. కదలదలుచుకోలేదు. "సామాను కానిదానితో సామాను పనెలా సేస్తారో సేసుకోండి," అన్నాను. "కబాడీని అడుగుతారేటి, అంత పెద్ద మిస్త్రీలున్నారు."

పానా భయ్యా చెవి వెనక చేయి పెట్టుకున్నాడు. పానా అక్కడ లేదు, పీట మీద ఉంది. మామ కూడా చేతులు కట్టుకున్నాడు. మేమిద్దరం ఎదురెదురుగా అలా ఎంతసేపు ఉండేవాళ్ళమో చెప్పలేను. రక్తం ఒకటే కదా. ఇద్దరి మధ్యా పంతులుగారి ఫోను మోగుతూనే ఉంది.

అప్పుడు అత్త పళ్ళెం కింద పెట్టింది. "ఒరే, అది సామానో కాదో రేపు తేల్చుకోండి. ఆ సెప్పు నాది. నా సెప్పు నేనిస్తన్నాను, ఎవులూ అడ్డు రాకండి. అక్కడ జనం పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూకున్నారు. నీ పౌరుషం ఆళ్ళకి అన్నమెడతాదేటి? లెగు, బేగి బిగించు."

మామ మాటకు నేను లేవలేదని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. ఎవరో తెలియని సిర్గిట్టి మనుషుల ఆకలి కోసం లేచాను. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి బండి పక్కన కూర్చున్నాను. నట్టు ఇంకా కాలుతోంది. గుడ్డతో పట్టుకుని, పొగగొట్టం ఎత్తి సరిగ్గా కూర్చోబెట్టి, మరలు కలిసేదాకా చేత్తో తిప్పి, నా పానా వేశాను. పన్ను మిగిలిన ఒకే ఒక్క మంచి గాడిలో దిగింది. చెప్పుముక్క చుట్టూ కరుచుకుంది. తోస్తే నట్టు తిరిగింది. కొంచెం, ఇంకొంచెం. వేడికి రబ్బరు కాలడం మొదలైంది. లోపల అగరుధూపం, బయట కాలిన చెప్పు వాసన. పంతులుగారు మసి అంగవస్త్రాన్నే ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "అయ్యో, నా సెప్పు!" అంది అత్త, ఇప్పుడే ఇచ్చేసిన సంగతి మరిచిపోయి. చివరి తోపుకు నట్టు ఇంక కదలనంది.

పంతులుగారు కిక్ కొట్టారు. యుద్ధం లేదు. ఆ పాత బండి గొంతు దానికి తిరిగి వచ్చింది, ఎవరో తీరుబడిగా తమలపాకులు దంచుతున్నట్టు. మామ వంగి పొగగొట్టాన్ని పట్టుకుని గట్టిగా ఊపాడు. కదల్లేదు. ఇంకోసారి ఊపాడు. ఇంకోసారి ఎందుకు ఊపాడో నాకు తెలుసు, కదులుతుందేమోనని. చివరికి "ఊఁ," అన్నాడు. మా ఇంట్లో 'ఊఁ' అంటే శాలువా కప్పినట్టు. అయితే 'ఊఁ'తో నా పని అయిపోలేదు. పానాను రెండు చేతులతో పంతులుగారి ముందు పట్టాను. "వాడకం అయిపోనాదండి. ఇప్పుడెట్టండి బొట్టు."

ఆయన దాన్ని చూశారు. చెప్పు సగం కరిగి, బుడగలు లేచి, పొగలు కక్కుతోంది.

"చెప్పుకి పెట్టలేను నాయనా," అన్నారు. నా మొహం ఎలా మారిందో ఏమో, బండి ఆపకుండానే స్టాండు వేసి దిగారు. వేలికి ఇంకా కుంకుమ అంటుకునే ఉంది. పానాను పక్కకు జరిపి, ఆ వేలు నా నుదుటి మీద గట్టిగా నొక్కారు. "బిగించింది ఇది కదా, దీనికి పెట్టాను. సరా?" అని, జవాబు కోసం ఆగకుండా సిర్గిట్టి వైపు వెళ్ళిపోయారు.

మామ నా నుదురు చూశాడు, లోపలి పీట చూశాడు, గోడ మీద తాత ఫోటో చూశాడు. తర్వాత కిరసనాయిలు బేసిన్‌ను కాలితో మెల్లగా పానా భయ్యా వైపు జరిపాడు.

"బొట్టెట్టీసినారు. ఇంక రేపు పొద్దుట దాకా ఈడిని ఎవులూ ముట్టుకోకండి, పని సెప్పకండి," అన్నాడు. లోపలికి వెళ్ళబోతూ, నా వైపు చూడకుండా, "రేపు బేగొచ్చీ. ఇంజినొకటి దించాల," అన్నాడు.

పానా పీట ఎక్కలేదు. ఆ ఫిర్యాదు అలాగే ఉంది, నేను వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు ఇదే ఊళ్ళో, రాజ్‌కిశోర్ నగర్‌లో నా సొంత కొట్టు ఉంది, పీటా నాదే. అయినా ఆ పీట ఆ పీటే. మామ కనిపించినప్పుడల్లా గుర్తుచేస్తాను. ఆయన కూడా ప్రతిసారీ "సెప్పు సెప్పే," అంటాడు.

కాని ఆ మధ్యాహ్నం నేను ఇంటికి తిన్నగా వెళ్ళలేదు. మొహం మీద చెమట కూడా తుడుచుకోకుండా, బొట్టు చెదురుతుందేమోనని మెడ బిగబట్టుకుని, కనిపించిన వీధులన్నీ తిరిగాను. ఎవరైనా ఆపి అడుగుతారని, అడిగితే మొదటి నుంచి చెప్పాలని. ఎవరూ అడగలేదు. ఎలా అడుగుతారు? పూజ రోజు. ఆటోవాళ్ళకు బొట్టు, లారీవాళ్ళకు బొట్టు, లారీలకు బొట్టు, తూకం రాళ్ళకు కూడా బొట్టు. ఊరంతా నా పతకమే పెట్టుకుని తిరుగుతోంది. అందుకని ఆగి ఉన్న బండి కనిపిస్తే చాలు, వంగి దాని అద్దం తిప్పి నా నుదురు నేనే చూసుకుంటూ నడిచాను. స్టేషన్ దగ్గర ఒకాయన టీ తాగుతూ, తన బండి అద్దం తిప్పుతున్న నన్ను పట్టుకున్నాడు. నా చేతులకు మోచేతుల దాకా మసి.

"ఏ మిస్త్రీ!" అని కసిరాడు. "షీశా మత్ ఘుమావ్!"

ఈ ఊళ్ళో నన్ను కసిరినవాళ్ళందరి మొహాలూ, మాటలూ, తేదీలతో సహా నాకు గుర్తున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనది కూడా గుర్తుంది. అద్దం ఎలా ఉన్నదాన్ని అలా తిప్పి పెట్టి, చేతులు జోడించి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ నిలబడిపోయాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని, వీడికేమైందా అన్నట్టు చూశాడు. పిచ్చివాడని అనుకుని ఉంటాడు. అనుకోనీండి.